అక్షరాలు తిన్న అద్దం

“ఎవరూ లేరా?”

పన్నెండేళ్లుగా ఆ కొట్టు ముందు నిలబడి జనం అడిగే మొదటి మాట ఇదే. అడిగేది కొట్లో కూర్చున్న మనిషినే. జిరాక్సు యంత్రానికీ గోడకీ మధ్య స్టూలు మీద, కళ్లజోడు ముక్కు కొసకి జారి, వేళ్లకి నల్లపొడి అంటుకుని ఒక ఆడమనిషి నిండుగా కూర్చుని ఉంటుంది. ఆమె తల మీదుగా లోపలికి తొంగిచూసి “ఎవరూ లేరా అమ్మా?” అంటారు. కొట్టు నడిపే మగవాడు ఎక్కడికి పోయాడని వాళ్ల బెంగ. కొట్టు అద్దె కాగితం మీద సంతకం ఆమెది. ఆ యంత్రాన్ని ముక్కముక్కగా ఊడదీసి మళ్లీ బిగించగల చేతులు ఆమెవి. తొలిరోజుల్లో “నేనున్నాగా” అనేది. “అది కాదమ్మా, ఓనరుగారూ...” అని నసిగేవాళ్లు. కొన్నాళ్లకి అనడం మానేసింది. చెయ్యి చాపి కాగితం అందుకునేది, పని చేసి ఇచ్చేది. రోజూ ఒకే చోట కాలికి తగిలే మంచంకోడు లాంటిది అవమానం. కొన్నాళ్లకి కాళ్లే పక్కకి తప్పుకుని నడవడం నేర్చుకుంటాయి. దాన్ని ఓర్పని మెచ్చుకునేవాళ్లున్నారు. అందులో మెచ్చుకోవలసిందేమీ లేదు.

వీధి మొత్తానికి ఆమె జిరాక్సక్క. ముసలివాళ్లకీ అక్కే, ముక్కు చీదే పిల్లలకీ అక్కే. మూడంతస్తుల మేడకి మెట్లకింద మిగిలిన జాగాలో ఆమె కొట్టు. పైకప్పు ఏటవాలుగా దిగుతుంది కాబట్టి ముందు నిలబడొచ్చు, వెనక్కి పోయేకొద్దీ వంగాలి, చివర కూర్చోవలసిందే. పైన ఎవరు దిగుతున్నారో, ఎవరు ఎక్కుతున్నారో అడుగుల చప్పుడుని బట్టి చెప్పేస్తుంది. రోడ్డుకి అవతల, సరిగ్గా ఎదురుగా, ప్రైవేటు బడి గేటు.

ఆమె చదివింది ఎనిమిదో తరగతి. కానీ పన్నెండేళ్లలో ఆ వీధి కాగితాలన్నీ చదివింది. జనన ధ్రువపత్రం, మరణ ధ్రువపత్రం, రెండింటికీ నడుమ పెట్టుకున్న అర్జీలు, విడాకుల నోటీసులు, ఆసుపత్రి రిపోర్టులు. కాగితం అద్దం మీద పెట్టేలోపు తలకిందులుగానే చదివేస్తుంది. ఎవరికీ చెప్పదు. కడుపులో ఇంత పెట్టుకుని ఎలా ఉంటావని ఎవరైనా అడిగితే, “యంత్రం ఉండట్లా?” అంటుంది.

ఆ కొట్లో రెండు కట్టుబాట్లున్నాయి. ఒకటి, దారం కట్టి వేలాడదీసిన అట్టముక్క మీద రాసి ఉంటుంది: ‘వైట్‌నర్ ఆరాకే ఇవ్వండి.’ తప్పులు దిద్దే ఆ తెల్లరంగు తడిగా ఉండగా కాగితాన్ని బోర్లాపెడితే అద్దానికి అంటుకుని గట్టిపడుతుంది. ఆ తర్వాత తీసిన ప్రతి కాపీలోనూ సరిగ్గా ఆ చోట అక్షరం మాయమవుతుంది, చుట్టూ సన్నటి బూడిదరంగు అంచు మిగులుతుంది. బ్లేడు పెట్టి గీకేదాకా ఆ తిండి ఆగదు. రెండోది, చెడిన కాపీ ఏదీ ఆమె పారేయదు. ఏ రోజువి ఆ రోజు దారం చుట్టి, పైన తేదీ వేసి, అటక మీద పెడుతుంది. యంత్రం ఏ రోజు ఎలా నడిచిందో ఆ కట్టలే చెబుతాయి. నెల తిరిగాక వాటిని కుట్టి చిత్తుపుస్తకాలుగా పిల్లలకిస్తుంది.

ఇక ఆయమ్మ సంగతి. ఎదురు బడిలో గదులు ఊడ్చేది, చిన్నపిల్లల్ని చెయ్యి పట్టుకుని దొడ్డికి తీసుకెళ్లేది, నీళ్లు పట్టేది, బీరువా తాళాలు నడుముకి కట్టుకుని తిరిగేది ఆమే. పద్నాలుగేళ్లుగా అదే పని. మధ్యాహ్నం గంట కొట్టగానే రోడ్డు దాటొచ్చి, కాగితాలొచ్చే అట్టపెట్టె మీద కూర్చుని జిరాక్సక్కతో కలిసి అన్నం తింటుంది. ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. ఒకరినొకరు వదినా అనుకోవడానికి చుట్టరికం అక్కర్లేదని వాళ్లకెవరో చెప్పినట్టే ఉంటారు.

ఆ గురువారం ఆయమ్మ బాక్సు లేకుండా వచ్చింది.

“ఏంటొదినా, చేతులూపుకుంటూ వచ్చావ్? ఉపవాసమా?”

“ఇకమీదట రోజూ అదేలే.” ఆయమ్మ అట్టపెట్టె మీద కూలబడింది. “లెక్కల పరీక్ష కాగితం ముందే బయటికి పోయిందంటొదినా. నిన్న పరీక్షైంది, ఇవాళ రద్దు చేశారు. సోమవారం కట్ట నా బీరువాలో పెట్టారు కదా. సీలు ఊడిందంట. తాళం నీ నడుముకుంటే ఇంకెవరు తీస్తారంటాడు పెద్దసారు.”

“మరి?”

“శనివారం పొద్దున పదింటికి రమ్మన్నాడు. నా అంతట నేనే మానుకుంటున్నానని రాసిన కాగితం మీద సంతకం పెట్టాలంట. పెట్టకపోతే పోలీసులంట.”

“నువ్వు తీశావా?”

ఆయమ్మ తెల్లబోయి చూసింది. “నువ్వు కూడానా?”

“వాళ్లు నిన్నడిగారా?”

“లేదు. చెప్పారు.”

“అందుకే నేనడిగా. అడిగితేనే గదా నువ్వు చెప్పేది.”

“తియ్యలేదు. నాకు రెండో ఎక్కమే రాదు, లెక్కల కాగితం నేనేం చేసుకుంటా, ఊరగాయ పెట్టుకుంటానా?” నవ్వబోయింది, రాలేదు. “ఇంకో మాటొదినా. చెప్పకపోతే తప్పు. కాపీలు ఎదురు కొట్లోనే తీయించుంటావు, ఆవిడ నీ నేస్తమే కదా అన్నాడు.”

జిరాక్సక్క చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

వీధుల్లో మాటకి కాళ్లక్కర్లేదు. మూడింటికల్లా కొట్టు ముందు నిలబడే తీరు మారింది. రోజూ కాగితం చేతికిచ్చేవాళ్లు బల్ల మీద పెట్టి ఒకడుగు వెనక్కి జరిగారు. బండి మీద టీ అమ్మేవాడు గ్లాసు అందిస్తూ, “ఏదో అంటున్నారక్కా, నేన్నమ్మలేదులే” అన్నాడు. నమ్మనివాడు ఆ మాట ఎందుకు ఎత్తినట్టు?

నాలుగింటికి బడి గుమాస్తా వచ్చాడు. ఆయన మాట తీపికి వీధివాళ్లు పెట్టిన పేరు పంచదార గుమాస్తా. ఎవరింట్లో జ్వరమొచ్చినా ముందు పలకరించేది ఆయనే.

“చెల్లెమ్మా, లోకం మంచిది కాదు” అన్నాడు, అట్టపెట్టె మీద ఉఫ్ అని ఊది కూర్చుంటూ. “పెద్దసారు కోపం నీకు తెలీదు, నాకు తెలుసు. ఆయమ్మకి నువ్వే నచ్చజెప్పాలి. ఒక్క సంతకం పెట్టేసిందంటే గొడవ అక్కడితో ఆగుతుంది. నీ కొట్టు జోలికి ఎవడూ రాకుండా చూసుకునే పూచీ నాది.”

“సీలు ఊడిందని ఎవరు చూశారన్నా?”

“నేనే చూశా. చూసింది చెప్పకపోతే పాపం కదా.” ఆయన కళ్లు అటక మీదికి పోయాయి. “ఆ పాత కాగితాలన్నీ ఎందుకమ్మా, చెదలు పడతాయి. ఇలా ఇచ్చెయ్. మా బడి చిత్తుతో పాటు నేనే పంపించేస్తా.”

“అవి పిల్లల పుస్తకాలకన్నా.”

“సరే సరే, నీ ఇష్టం.” లేచి వెళ్లిపోయాడు.

పన్నెండేళ్లలో ఏనాడూ ఆయన అటక వైపు చూసిన గుర్తు లేదు. పంటికింద రాయిలా ఆ మాట తగిలింది గాని, అంతకన్నా పెద్ద రాయి అప్పటికే ఆమె గుండెల్లో ఉంది. పెద్దసారు అన్న మాట నిజమై, కాపీలు తన కొట్లోనే తీసి ఉంటే? తను తీయలేదు. కానీ సాయంత్రం గంటన్నర కొట్లో కూర్చునేది తను కాదు, తమ్ముడు.

తమ్ముడికి ముప్పై రెండేళ్లు. ఇంట్లో అక్క వండింది తిని, కొట్లో అక్క కుర్చీలో కూర్చుని, అక్కకే సలహాలిచ్చే రకం. రెండు వారాలుగా వాడి వాలకం బాగాలేదు. తను అటు వెళ్లగానే షట్టరు సగం దించుతున్నాడని టీబండివాడు ఎప్పుడో అన్నాడు. అడిగితే ఎండ అన్నాడు. సాయంత్రం ఐదింటికి ఎండేమిటి?

అందుకని ఆ సాయంత్రం ఇంటికని బయల్దేరి, మేడ చుట్టూ తిరిగి, పావుగంటలో వెనక్కొచ్చింది. షట్టరు సగం దిగి ఉంది. వంగి లోపలికి దూరింది. తమ్ముడు ఉలిక్కిపడి నాలుగు కాగితాలు చొక్కాలో దోపుకున్నాడు.

“తియ్యి.”

“ఏం లేదక్కా.”

“ఏం లేకపోతే చొక్కా ఎందుకు గరగరలాడుతోంది? తీస్తావా, నేను తియ్యనా?”

తీశాడు. ప్రశ్నపత్రం కాదు. ఉద్యోగానికి అర్జీ. అందులో వాడు ఒక ‘ప్రముఖ ముద్రణ సంస్థ’లో ఎనిమిదేళ్లుగా మేనేజరు. జిరాక్సక్క కళ్లజోడు పైకి నెట్టి మొత్తం చదివింది.

“మేనేజరువా? మరి నేనెవర్ని?”

“నీ గురించి కూడా రాశానక్కా,” వాడు వేలు పెట్టి చూపించాడు. “ఇదిగో, ‘నా కింద పనిచేసే సిబ్బంది: ఒకరు’.”

ఒక నిమిషం కోపం రావాలో నవ్వు రావాలో తేలలేదు. తర్వాత నవ్వే వచ్చింది. నవ్వాక సిగ్గేసింది. పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్న ఆయమ్మని పెద్దసారు ఎలా అనుమానించాడో, పాలు పట్టి పెంచిన తమ్ముణ్ణి తనూ అలాగే అనుమానించింది. కాకపోతే ఒక తేడా ఉంది. తను వెళ్లి చూసింది. ఆయన చూడలేదు.

“వెళ్లేవాడివి చెప్పి వెళ్లరా. మేనేజరు లేకుండా సిబ్బంది ఏమైపోవాలి?” అని షట్టరు పైకెత్తింది.

శుక్రవారం పొద్దున్నే ఆసుపత్రి నర్సొకామె వచ్చింది. యూనిఫాంలోనే ఉంది. అందరిలాగే “ఎవరూ లేరా?” అనే అడిగింది. చేతిలో ఒక ఫిర్యాదు, దానికి గుండుసూదితో గుచ్చిన ఆరు కాగితాలు. మూడు బయటికొచ్చిన ప్రశ్నపత్రం పేజీలు, మూడు బుధవారం పరీక్షలో ఇచ్చిన అసలు ప్రశ్నపత్రం పేజీలు.

“మా పాప స్నేహితురాలికి ట్యూషన్లో ఇచ్చారంట” అంది నర్సు. “మా పాప ట్యూషన్‌కి పోదు. కష్టపడి చదువుకుంది. ముందే తెలిసినవాళ్లూ ఇదీ ఒకటేనా? మూడు కాపీలియ్యండి.”

జిరాక్సక్క అలవాటు చొప్పున తలకిందులుగా చదువుతూ కాగితం అద్దం మీద పెట్టబోయి ఆగిపోయింది. బయటికొచ్చిన ప్రశ్నపత్రం మొదటి పేజీలో పైభాగం ఖాళీ. అసలు దాంట్లో అక్కడ బడి పేరుంది. అంటే ఎక్కడిదో తెలియకుండా ఎవరో వైట్‌నర్ పూసి కాపీ తీశారు. రెండో పేజీ తిప్పింది. మొదటి వరసలోనే మూడు చోట్ల అక్షరాలు లేవు. పక్కపక్కన మూడు మచ్చలు, నడిమిది పెద్దది, కందిబద్దంత. చుట్టూ బూడిదరంగు అంచు. మూడో పేజీలోనూ అవే, అక్కడే. పరీక్షలో ఇచ్చిన దాంట్లో మాత్రం ఆ వరస నిండుగా ఉంది.

ముందు తన యంత్రం మీదే అనుమానం. ఒక రాత కాగితం పెట్టి కాపీ తీసింది. ఒక్క అక్షరమూ పోలేదు. మనసు సగం కుదుటపడింది. మిగతా సగం ఒకటే గోల: ఈ మూడు మచ్చల్ని ఎక్కడో చూశాను.

“అమ్మా, నాకు టైమైపోతోంది.”

“ఇదిగో. ఒక కాపీ నేనుంచుకోవచ్చా? అడిగి తీసుకుంటున్నా. దీన్ని నేను తీశాననీ, ఎదురుబడి ఆయమ్మ తీయించిందనీ అంటున్నారు. రేపామెని పనిలోంచి తీసేస్తారు.”

నర్సు అప్పుడు మొదటిసారి ఆమె మొహం చూసింది. “నేను ఫిర్యాదిస్తున్నది దొంగ దొరకాలని. ఎవరో ఒకళ్లు దొరకాలని కాదు. రేపు ఎన్నింటికి?”

“పదింటికి.”

“డ్యూటీ దిగి అటే వస్తా.”

ఆమె వెళ్లగానే జిరాక్సక్క స్టూలెక్కి అటక మీది కట్టలు దింపింది. ఎదురు బడికి ఒక అలవాటుంది. పిల్లలకి చీటికీ మాటికీ నోటీసులిస్తారు. ఒకటి తల్లిదండ్రులు సంతకం పెట్టి తిరిగివ్వాలి, ఒకటి ఇంట్లో ఉంచుకోవాలి. ఇచ్చేది మాత్రం ఒకటే. రెండోదాని కోసం పిల్లలంతా రోడ్డు దాటి ఈ కొట్టుకే వస్తారు. అందుచేత బడి నోటీసుల చెడిన కాపీలు ప్రతి కట్టలోనూ ఒకటో రెండో ఉంటాయి.

మూడో తేదీ నోటీసు, బూట్లు పాలిష్ చేసుకురావడం గురించి. బడి పేరు నిండుగా ఉంది. ఆరో తేదీది, నీళ్లసీసాలు ఇంటినుంచే తెచ్చుకోవాలని. బడి పేరులో మూడు చోట్ల అక్షరాలు లేవు. నడిమి మచ్చ కందిబద్దంత. ఎనిమిదో తేదీది, బస్సు వేళలు మారాయని. అక్కడా అంతే. పదో తేదీది, పరీక్షల వేళలు. మళ్లీ నిండుగా ఉంది.

ఆమె స్టూలు మీద కూర్చుంది. లెక్క తేలికే. మూడుకీ ఆరుకీ మధ్య ఒకరు బడి ఆఫీసు యంత్రం మీద ప్రశ్నపత్రం కాపీ తీశారు. బడి పేరు దాచడానికి వైట్‌నర్ పూశారు, ఆరేదాకా ఆగే ఓపిక లేకపోయింది. మొదటి పేజీలో దాచిన తెల్లరంగే అద్దానికి పట్టుకుని, తర్వాతి పేజీల్నీ, ఆ తర్వాత బడి పంచిన నోటీసుల్నీ కొరుక్కుతింది. ఆయమ్మ బీరువాలో కట్ట పెట్టింది పన్నెండున. దొంగతనం జరిగి అప్పటికి కనీసం ఆరు రోజులైంది.

మరి పదో తేదీకి అద్దం ఎలా శుభ్రమైంది?

ఆ ఆఫీసు యంత్రం మీద చెయ్యి వేసేది ఇద్దరే. పెద్దసారు, గుమాస్తా. ఇద్దరిలో ఎవరు? నోరు పారేసుకున్నది పెద్దసారు. అటక మీది కాగితాలు అడిగింది గుమాస్తా. ఇద్దరూ కలిసే చేశారేమో. అలా అయితే రేపు తను ఎవరికి చెప్పాలి? దొంగతనం గురించి దొంగకేనా?

యంత్రాలు బాగుచేసే మెకానిక్ ఊళ్లో ఒక్కడే. బడికీ వాడే, ఈ కొట్టుకీ వాడే. రోలరు గరగరమంటోందని వంక పెట్టి ఫోను చేస్తే మధ్యాహ్నానికి వచ్చాడు.

“బాగానే ఉంది కదక్కా. దీనికి రోగం లేదు, నీకే అనుమానం.”

“నిజమేరా, నాకే అనుమానం. ఈమధ్య బడికెళ్లావా?”

వాడు స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు. “నీకెలా తెలుసు? ఎవరికీ చెప్పొద్దన్నాడే.”

“ఎవరు?”

“పంచదార. తొమ్మిదో తారీకున. అద్దానికేదో పట్టింది, నోటీసులు పాడైపోతున్నాయి, త్వరగా రా అన్నాడు. వైట్‌నరక్కా! రాయైపోయింది. బ్లేడు పెట్టి గీకా. ఎవరు పూశారు సార్ అంటే పిల్లలన్నాడు. ఆ గదిలోకి పిల్లలెలా వస్తారు? టీచర్లే బయట నిలబడి మాట్లాడతారు.”

“నీ పనుల పుస్తకంలో రాశావా?”

“చిన్న పనేగా, రాయకన్నాడు. రాయకపోతే మా ఆఫీసువాళ్లు నేనింట్లో పడుకున్నాననుకుంటారు. రాసి సంతకం పెట్టమంటే విసుక్కుంటూ గీకాడు.” అప్పుడు వాడికి విషయం అర్థమైంది. “అక్కా, నన్ను లాగకు. పిల్లలుగలవాణ్ణి.”

“నువ్వు రావద్దు. ఆ పేజీ ఒక్కటి చాలు.”

వాడు పుస్తకం చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లాడు. ఆగాడు. తిరిగొచ్చి, ఆ పేజీ తనే తెరిచి అద్దం మీద బోర్లాపెట్టి, మొహం పక్కకి తిప్పుకున్నాడు. “నేను చూడలేదు. నొక్కుకో.”

శనివారం పదింటికి ఆయమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. ఇస్త్రీ చీర కట్టుకుంది.

“వద్దొదినా,” అంది. “రాత్రంతా ఆలోచించా. సంతకం పెట్టేస్తా. పెద్దవాళ్లతో మనకెందుకు? నాతోపాటు నీ కొట్టు కూడా పోతుంది.”

“సంతకం పెడితే నువ్వు దొంగవని నువ్వే రాసిచ్చినట్టు. తర్వాత ఏ బడి నిన్ను గేటు లోపలికి రానిస్తుంది? పద.”

పెద్దసారు గదిలో బల్లకి ఇటు మూడు కుర్చీలున్నాయి. ఆయమ్మని కూర్చోమని ఎవరూ అనలేదు. జిరాక్సక్కే కుర్చీ లాగి ఆమెని కూర్చోబెట్టింది. పద్నాలుగేళ్లుగా తుడిచిన కుర్చీలో ఆయమ్మ అంచు మీద కూర్చుంది. నర్సు వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. గుమాస్తా అప్పటికే కాగితమూ కలమూ సిద్ధంగా పెట్టాడు.

“మీరెందుకొచ్చారు?” అన్నాడు పెద్దసారు.

“కాపీలు నా కొట్లో తీశారన్నారంట కదా సారూ. నా కాగితాలు నేను తెచ్చా.”

కిటికీ దగ్గరికి వెళ్లింది. బయటికొచ్చిన ప్రశ్నపత్రం రెండో పేజీని అద్దానికి ఆనించింది. దాని మీద ఆరో తేదీ నోటీసు. దాని మీద ఎనిమిదో తేదీది. ఎండ వెలుగులో మూడు కాగితాల్లోని మచ్చలూ ఒకదానిమీదొకటి సరిగ్గా కూర్చున్నాయి. మూడు మచ్చలు, నడిమిది కందిబద్దంత.

“ఈ రెండూ మీ బడి నోటీసులకి నేను తీసిన కాపీలు. అసలువి మీ ఆఫీసు యంత్రం మీద తీసినవి. ప్రశ్నపత్రం కూడా ఆ అద్దం మీదే తీశారు. తొమ్మిదిన అద్దం గీకించారు. పన్నెండున మీరు బీరువాలో పెట్టిన పరీక్ష కాగితాలు నిండుగా ఉన్నాయి, చూడండి. ఆయమ్మ ఆ కట్టలోంచి తీసి ఉంటే అక్షరాలు ఎక్కడికి పోతాయి?”

“మీ అద్దం మీదే ఆ మచ్చలున్నాయేమో” అన్నాడు పెద్దసారు.

“ఉన్నాయేమో చూడండి.” తన కొట్టు కట్టలు ఏడు బల్ల మీద పెట్టింది. మూడో తేదీ నుంచి పది దాకా, మధ్యలో ఆదివారం సెలవు. కరెంటు బిల్లులు, అర్జీలు, ఎవరివో మార్కుల జాబితాలు. ఆ రెండు నోటీసులు తప్ప ఒక్కదాంట్లోనూ అక్షరం పోలేదు.

“చెల్లెమ్మా,” గుమాస్తా గొంతు తీపి తగ్గలేదు, “యంత్రాలన్నాక మచ్చలు పడతాయి, పోతాయి. దీనికింత...”

“పడ్డ మచ్చని రాయొద్దని ఎందుకన్నారన్నా?” మెకానిక్ పుస్తకం పేజీ కాపీ ఆయన ముందు పెట్టింది. తొమ్మిదో తేదీ. ‘అద్దం మీద వైట్‌నర్ తీయడమైనది.’ కింద ఆయన సంతకం.

పెద్దసారు సంతకం వైపు చూశాడు, గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా నుదురు తుడుచుకుని కుర్చీలో కూలబడ్డాడు.

“మా బావమరిది ట్యూషన్ సెంటరు నడవట్లేదు సార్,” అన్నాడు చివరికి. “ఒక్కసారి మంచి మార్కులొస్తే పిల్లలు చేరతారని...” ఆయమ్మ వైపు తిరిగాడు. “కాసిని మంచినీళ్లు.”

ఆయమ్మ లేచింది. పద్నాలుగేళ్ల అలవాటు, మంచినీళ్లన్న మాట వింటే కాళ్లు వాటంతటవే కదులుతాయి. జిరాక్సక్క ఆమె చెయ్యి పట్టుకుని మళ్లీ కూర్చోబెట్టింది. “కట్ట చేతికొచ్చాక సీలు ఊడదీసి నీ మీదికి తోసింది ఆయనే వదినా. నీళ్లు ఆయనే తెచ్చుకుంటాడు.”

పెద్దసారు గొంతు సవరించుకున్నాడు. “సరే. ఇది మా లోపలి విషయం. మేం చూసుకుంటాం. నువ్వు సోమవారం నుంచి పనిలోకి రా” అన్నాడు ఆయమ్మతో, కిటికీ వైపు చూస్తూ.

ఆయమ్మ దండం పెట్టడానికి రెండు చేతులూ ఎత్తబోయింది.

“రాసివ్వండి” అంది జిరాక్సక్క.

“చెప్పాను కదమ్మా.”

“మానుకుంటున్నానని ఆమెతో రాయించుకోబోయారు కదా సారూ. రమ్మనడం కూడా రాయండి.”

రాశాడు. ‘సదరు ఆయాను తిరిగి విధుల్లోకి తీసుకోవడమైనది.’ జిరాక్సక్క తలకిందులుగానే చదివింది.

“ఇందులో ఆమె తప్పు లేదని లేదు. మీరు దయతలిచి తీసుకున్నట్టుంది.”

“చాల్లే వదినా,” ఆయమ్మ కొంగు లాగింది, “పని ఇచ్చారుగా.”

“నాకు చాల్లేదు,” అంది గోడ దగ్గర నుంచి నర్సు. “ఫిర్యాదిచ్చింది నేను. ఆ మాట లేకపోతే ఇదే కాగితం పట్టుకుని పై ఆఫీసుకి పోతా.”

పెద్దసారు కలం మళ్లీ తీశాడు. ‘ప్రశ్నపత్రం బయటకు పోవడంలో ఆమె తప్పేమీ లేదని తేలినది.’ తేదీ వేసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టాడు.

గుమాస్తా ఇప్పుడు దీర్ఘ సెలవులో ఉన్నాడు. ఆయనకి ఎవరూ పోలీసుల పేరు చెప్పలేదు. ఆయమ్మకి మాత్రం మొదటిరోజే చెప్పారు. పెద్దసారుకి సంగతి ముందే తెలుసా అన్న అనుమానం జిరాక్సక్కకి ఇంకా తీరలేదు. తొందరగా సంతకం పెట్టించాలన్న ఆత్రం ఎవరిదో ఆమె ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంది.

ఒక సంగతి మాత్రం ఆ రోజే బయటపడింది. ఆ ఉత్తరాన్ని దాచుకోవడానికి ఆయమ్మ ఇంట్లో పెట్టె తెరిస్తే, ఆమె ఆ బడిలో పనిచేస్తున్నట్టు రుజువు చేసే కాగితం ఇంకొకటి కనపడలేదు. పద్నాలుగేళ్లకి అదే మొదటిది. పనిలో పెట్టుకున్నట్టు ఎవరూ రాసివ్వలేదు కాబట్టే, తీసేయడానికి ఒక్క సంతకం చాలనుకున్నారు.

ఆమె ఒక్కతే కాదు. మీ పిల్లల బడిలో నీళ్లు పట్టే ఆయా, గేటు దగ్గర కాపలా మనిషి, బస్సు తోలే డ్రైవరు, వీళ్లలో ఎంతమందికి నియామక పత్రం ఉందో మీకు తెలుసా? సోమవారం పిల్లల్ని దింపడానికి వెళ్లినప్పుడు ఆగి, వాళ్లనే అడగండి. లేదంటే, ఇవ్వమని తల్లిదండ్రులుగా యాజమాన్యాన్ని రాతపూర్వకంగా అడగండి. నలుగురు సంతకాలు పెట్టిన కాగితాన్ని చెత్తబుట్టలో వేయడం కష్టం. వాళ్ల మీద నింద పడినప్పుడు, ఆరోపణ కాగితం మీద పెట్టమనండి, జవాబు చెప్పుకునే గడువు ఇవ్వమనండి, విచారణ గదిలో వాళ్ల పక్కన ఒక కుర్చీ లాక్కుని కూర్చోండి. డ్యూటీ దిగిన నర్సుకి తీరిక దొరికింది. మీకూ దొరుకుతుంది. వెళ్లండి.